పడమటి కిటికీ పక్క సీటు

ఏప్రిల్ వచ్చిందంటే బ్యూలాకు మధ్యాహ్నం అన్నం సహించేది కాదు. అన్నం మీద అయిష్టం కాదు, తిన్న తర్వాత వచ్చే ఎండ మీద భయం.

ఆమె పనిచేసే మందుల కంపెనీ పటాన్‌చెరు నుంచి జిన్నారం పోయే దారిలో ఉంది. వెనక ఫ్యాక్టరీ, ముందు ఆఫీసు. ఆఫీసు ముందు భాగమంతా అద్దాలే. రోడ్డు మీద పోయేవాళ్లకు అందులో మబ్బులు కనబడేవి. లోపల కూర్చునేవాళ్ల సంగతి వేరు. పొద్దు వాలడం మొదలవగానే ఎండ తిన్నగా మూడో అంతస్తు హాల్లోకి దిగేది. తెరలు దించినా ఆగేది కాదు. అందుకని మందుల పెట్టెల అట్టలు చింపి, టేపుతో అద్దాలకు అంటించుకున్నారు. బయట కళ్లు చెదిరే వెలుగు, లోపల పట్టపగలు ట్యూబులైట్లు. ఏసీలు రోజంతా రొద పెడుతూనే ఉండేవి. హాలు మధ్యలో కూర్చున్నవాళ్లు శాలువాలు కప్పుకుంటే, కిటికీ పక్కవాళ్లు తడి కర్చీఫులు మెడకు చుట్టుకునేవాళ్లు.

బ్యూలాది కిటికీ పక్క సీటు. ఫ్యాక్టరీలో తయారైన ప్రతి బ్యాచ్ మందు కాగితాలూ ఆమె దగ్గరికి వస్తాయి. ఏది ఎంత కలిపారో, ఎంత వేడిలో ఎంతసేపు ఉంచారో అన్నీ సరిచూసి సంతకం పెట్టడం ఆమె పని. ఆ పనంటే ఆమెకు ఇష్టం. అంకెల్లో తేడా ఉంటే, బియ్యంలో రాయి పంటికి తగిలినట్టు, ఆమె కంటికి తగిలేది.

కొన్నేళ్ల కిందట ఒక కన్ను ఉన్నట్టుండి మసకబారింది. తర్వాత ఎడమ కాలు బరువెక్కింది. హైదరాబాదులో డాక్టరు చూసి మల్టిపుల్ స్క్లెరోసిస్ అన్నాడు. నరాల మీద ఉండే పొర దెబ్బతినే జబ్బు. మందులతో అదుపులోకి వచ్చింది కానీ, ఒళ్లు వేడెక్కిందంటే పాత బాధలన్నీ మళ్లీ తల ఎత్తేవి. చల్లబడితే సద్దుమణిగేవి. "వేడికి దూరంగా ఉండండి" అని డాక్టరు సులువుగానే చెప్పాడు. ఎండాకాలం పటాన్‌చెరులో వేడికి దూరంగా ఎక్కడుంటారు?

ఆఫీసులో ఈ సంగతి ఇద్దరికే తెలుసు. ఒకరు మేనేజరు మధుబాబు. రెండోవాళ్లు పక్క సీటు నాగేశ్వరి. మధుబాబు ఆమెను కింద రికార్డు గదికి మార్చి చూశాడు. అక్కడ కిటికీలు లేవు, ఎండ లేదు, పలకరించే మనిషీ లేదు. ప్రతి సందేహానికీ పైకి రావలసి వచ్చేది. కొన్నాళ్లు ఓర్చుకుని బ్యూలా తనంతట తనే పాత సీటుకు వచ్చేసింది.

ఆ ఏప్రిల్‌లో ఒకరోజు మధ్యాహ్నం కాగితం మీద అంకెలు ఒకదాని మీదికి ఒకటి ఎక్కాయి. కళ్లు నులుముకుని మళ్లీ చూసింది. అది ఆరో ఎనిమిదో తెలియలేదు. పెన్ను కింద పెట్టి, ఫైలును మెల్లగా నాగేశ్వరి వైపు జరిపింది.

"జెర నువ్వు సూడు నాగేశ్వరీ. నాకు కనబడ్తలేదు."

నాగేశ్వరి వెంటనే చెయ్యి చాచింది. ఫైలు తీసుకుని, తన మంచినీళ్ల సీసా ఇచ్చింది.

మర్నాడు పొద్దున్నే బ్యూలా మధుబాబు గదికి వెళ్లింది.

"సార్, ఈ నెలతోటి నేను మానేస్త."

మధుబాబు తల ఎత్తాడు. "ఏమైందమ్మా?"

"నిన్న ఆరుకు, ఎనిమిదికి తేడా తెల్వలే సార్. ఎవరో బీమారున్నోళ్లు మింగే మందు అది. నా సంతకం మీద బయటికి పోతది. నాకు భయమైతుంది."

ఆయన ముందున్న కాగితాలు పక్కకు జరిపాడు. తర్వాత అన్నాడు. "ఈ ఎండాకాలం గడిచేదాకా ఆగగలవా? అద్దాలు మారుస్తున్నారు. ఇంజనీరు తేజస్విని ఏడాదిగా వెంటపడితే డైరెక్టర్లు ఇప్పటికి ఒప్పుకున్నారు, ముందు మన హాలుకే. అందాకా నువ్వు పొద్దున్నే వచ్చి, భోజనాల వేళకి ఇంటికి వెళ్లిపో. మధ్యాహ్నం ఫైళ్లు నాగేశ్వరి, నేను చూసుకుంటాం."

బ్యూలా వద్దనడానికి నోరు తెరిచింది. చివరికి తలూపింది. మానేస్తానంటే 'సరే' అంటాడని, ఆ మాట వినడానికి గుండె రాయి చేసుకుని వచ్చింది. ఆగమంటాడని మాత్రం అనుకోలేదు.

తేజస్విని ఆ కంపెనీ భవనాల ఇంజనీరు. వాళ్ల నాన్న ఎప్పుడో గోదావరి జిల్లా నుంచి ఇక్కడి ప్రభుత్వ ఫ్యాక్టరీ ఉద్యోగానికి వచ్చి, రామచంద్రాపురంలో స్థిరపడ్డాడు. కరెంటు ఎక్కడ వృథా అవుతోందో వెతకడం ఆమె ఉద్యోగంలో ఒక భాగం. ఆ వారమే ఆమె బ్యూలా సీటు దగ్గరికి వచ్చి, అట్టముక్క తొలగించి అద్దం మీద చెయ్యి పెట్టి, వెంటనే తీసేసింది.

"ఇది కిటికీ కాదక్కా, పెనం."

"కొత్త అద్దం ఏం చేస్తది మేడం? మందంగ ఉంటదా?" బ్యూలా అడిగింది.

"మందంతో పెద్దగా పని జరగదు. మీ ఇంట్లో ఫ్లాస్కు ఉందా? అందులో చాయ్ ఎందుకు చల్లారదు? రెండు గోడలుంటాయి, మధ్యలో ఖాళీ ఉంటుంది, పైగా వెండి పూత. మనకి పెట్టేదీ అలాంటిదే. రెండు అద్దాలు, మధ్యలో కదలని గాలి. ఆ ఖాళీ వల్ల బయటి వేడిగాలి తాకిడి లోపలికి రాదు. కానీ మన ఊళ్లో అసలు శత్రువు గాలి కాదు, ఎండ. దానికోసం బయటి అద్దానికి లోపలి వైపు కంటికి కనబడని వెండి పూత ఉంటుంది. వెలుగుని రానిస్తుంది, వేడిని వెనక్కి తిప్పి కొడుతుంది."

"గంత పని చేస్తదా?"

"చెయ్యాలి" అని తేజస్విని నవ్వింది. "చేస్తుందని పెద్దవాళ్ల ముందు మాటిచ్చాను. ఏసీల కరెంటు మూడో వంతు తగ్గుతుందన్నాను. ఈ హాల్లో తగ్గితేనే మిగతా అంతస్తులకి పెడతారు."

మే నెల మొదట్లో హాలు ఖాళీ చేయించారు. అందరినీ క్యాంటీను పక్క గదిలో కూర్చోబెట్టారు. అంజయ్య అనే మేస్త్రీ తన మనుషులతో వచ్చాడు. బీహారు కుర్రాళ్లు గాజుకు అతుక్కునే రబ్బరు పిడులు పట్టుకుని, "సంభాల్ కే, సంభాల్ కే" అని ఒకరికొకరు జాగ్రత్తలు అరుచుకుంటూ పాత అద్దాలు దించి కొత్తవి ఎక్కించారు. ఆ రోజుల్లో బ్యూలా పొద్దున వచ్చి మధ్యాహ్నానికి వెళ్లిపోతూనే ఉంది. భర్త జెఫ్రీ స్కూటరు మీద వచ్చి రుద్రారంలోని ఇంటికి తీసుకుపోయేవాడు. అక్కడి స్కూల్లో అతను పీటీ సారు. ఎండాకాలం సెలవులు కాబట్టి కుదిరింది.

తిరిగి హాల్లోకి అడుగుపెట్టిన రోజు అందరూ గుమ్మంలోనే నిలబడిపోయారు. అట్టలు లేవు. తెరలు పైకి చుట్టి ఉన్నాయి. లైట్లు వెయ్యకుండానే హాలంతా వెలుగు. దూరంగా బొంబాయి రోడ్డు మీద లారీలు, వాటి వెనక గుట్టలు.

"ఏందే ఇది, మన హాలు గింత పెద్దగుందా!" అంది నాగేశ్వరి.

ఆ మధ్యాహ్నం నుంచి బ్యూలా మళ్లీ పూర్తి రోజు పని మొదలుపెట్టింది. అందరూ హాయిగా ఉన్నారు. ఎవరి మెడకూ తడిగుడ్డ లేదు. ఎండ వాలే వేళకు బ్యూలా ఎడమ కాలు మాత్రం జివ్వుమంది. మొదటి రోజు కదా, అలసటేమో అనుకుంది. రెండో రోజూ అంతే. మూడో రోజు అంకెల అంచులు కరగడం మొదలుపెట్టాయి.

అందరికీ చల్లగా ఉన్న చోట తనకొక్కదానికే వేడెందుకు? కిటికీ అద్దం మీద చెయ్యి పెట్టి చూసింది. వెచ్చగా తగిలింది. కానీ ఆ చెయ్యి మాట ఆమె నమ్మదు. జబ్బు వచ్చాక ఒక్కోసారి చన్నీళ్లు కూడా దానికి సలసల కాగినట్టు తోస్తాయి. మనసులో ఒకటే ఆలోచన నిలిచిపోయింది. వేడి గదిలో లేదు, తన ఒంట్లో ఉంది. జబ్బు ఇంకో మెట్టు ఎక్కింది.

సాయంత్రం ఇంటికి పోతూ దారిలో జెఫ్రీతో చెప్పింది. అతను స్కూటరు రోడ్డు పక్కన ఆపాడు.

"డాక్టరు కాడికి పోదాం. కానీ ముందుగాల ఆ ఇంజనీరు మేడంకు చెప్పు."

"ఏమని చెప్పాలె? పాపం, అంత కష్టపడి పెట్టిచ్చింది. అందరు బాగుందంటున్నరు. నేనొక్కదాన్నే బాగలేదంటే బాగుంటదా?"

"బాగుంటదో లేదో తర్వాత సంగతి. ఉన్నది చెప్పు."

బ్యూలా చెప్పలేదు. మర్నాడు డ్రాయరులోంచి కర్చీఫు తీసి, తడిపి, చున్నీ కింద ఎవరికీ కనబడకుండా మెడకు చుట్టుకుంది.

తేజస్విని పరిస్థితీ బాగాలేదు. ఏసీల కరెంటు తగ్గింది కానీ, చెప్పినంత కాదు. సగం కూడా కాదు. డైరెక్టర్లు ఆమెను పిలిచి, ఇంతేనా అని అడిగారు. ఇలాగే ఉంటే మిగతా అంతస్తులకు వద్దన్నారు. ఆమె తన లెక్కలన్నీ తిరగేసింది. హాలు మధ్య స్తంభానికి కట్టిన థర్మామీటరు వేడి తగ్గినట్టే చూపిస్తోంది. తప్పెక్కడుందో తెలియక, చివరికి ఒక మధ్యాహ్నం హాల్లోకి వచ్చి ప్రతి సీటు దగ్గరా ఆగి అడగడం మొదలుపెట్టింది.

"బాగుంది మేడం." "మస్తుంది మేడం." "సూపర్."

బ్యూలా దగ్గరికి వచ్చింది. "మీకెలా ఉందక్కా?"

"బాగుంది మేడం."

తేజస్విని రెండడుగులు ముందుకు వేసి ఆగింది. వెనక్కి తిరిగి చూసింది. చున్నీ మీద తడి మరక.

"మరి ఆ తడిగుడ్డ ఎందుకక్కా?"

బ్యూలా తల దించుకుంది. హాలంతా వింటోందేమోనని గొంతు తగ్గించింది. "నా కాడ వేడి తగ్గలే మేడం. కాని అది అద్దం తప్పు కాదు. నాకొక బీమారి ఉన్నది. వేడి సల్లన నాకు సరిగ తెల్వదు. నా ఒంట్లనే ఏదో అయితున్నట్టుంది. మీరు పరేషాన్ గాకుండ్రి."

ఎవరైనా అయితే అక్కడే "అయ్యో" అని, ఆరోగ్యం జాగ్రత్త అని చెప్పి వెళ్లిపోయేవాళ్లు. తేజస్విని కుర్చీ చుట్టూ తిరిగి వచ్చి, కిటికీ అద్దానికి అరచెయ్యి ఆనించింది. అలాగే ఉంచింది. తర్వాత నాగేశ్వరి కిటికీ దగ్గరికి వెళ్లి అక్కడా ఆనించింది. మళ్లీ వెనక్కి వచ్చింది.

"అక్కా, మీ అద్దం కాలుతోంది. పక్కది కాలడం లేదు."

బ్యూలా ఆమె ముఖంలోకి చూసింది. "నిజంగనా?"

"నిజంగా. మీ ఒంట్లో ఏమీ లేదు. వేడి ఇక్కడుంది."

నాగేశ్వరి లేచి వచ్చి తనూ చెయ్యి పెట్టింది. "అవునే! కాలుతుంది. నాకెందుకు చెప్పలే నువ్వు?" అంటూ బ్యూలా భుజం మీద చెయ్యి వేసింది. బ్యూలా కళ్లలో నీళ్లు తిరిగాయి. అద్దం వేడిగా ఉందన్న మాట అంత సంతోషం కలిగిస్తుందని ఆమె ఎన్నడూ అనుకోలేదు.

తేజస్విని ఫోనులో లైటు వేసి నాగేశ్వరి కిటికీకి దగ్గరగా పట్టింది. రెండు అద్దాలకు నాలుగు ముఖాలు. అందుకని లైటు ప్రతిబింబాలు ఒకదాని వెనక ఒకటి నాలుగు చుక్కల్లా కనిపించాయి. మూడు తెల్లవి, ఒకటి ఊదారంగుది. "ఆ ఊదా చుక్కే వెండి పూత. చూడండి, బయటి అద్దం మీద ఉంది. అక్కడే ఉండాలి." తర్వాత బ్యూలా కిటికీకి పట్టింది. ఇక్కడ ఊదా చుక్క లోపలి అద్దం మీద ఉంది.

"తిరగేసి బిగించారు" అంది తేజస్విని. "ఎండని వెండి పూత బయటే ఆపాలి. ఇక్కడ బయటి అద్దం దాటి లోపలికి వచ్చాక ఆపుతోంది. ఆ వేడంతా ఈ లోపలి అద్దానికే పట్టి, మీ మీదికి కొడుతోంది."

ఆమె కిటికీ కిటికీకీ లైటు పట్టుకుంటూ నడిచింది. వరసలో దాదాపు సగం అద్దాలు తిరగబడే ఉన్నాయి. ఎక్కువ భాగం, మనుషులెవరూ కూర్చోని చోట, అలమరాల వెనక, నడవ పక్కన. తిరగబడిన కిటికీ పక్కనే రోజంతా కూర్చున్నది బ్యూలా ఒక్కతే.

ఫోను చేయగానే అంజయ్య వచ్చాడు. మొదట ఒప్పుకోలేదు. "ఎన్ని బిల్డింగులకు పెట్టిన మేడం! 'బయటి వైపు' అని స్టిక్కరుంటది. అది చూసే పెట్టినం."

తేజస్విని వాదించలేదు. ఫోను అతని చేతికిచ్చింది. అంజయ్య లైటు పట్టుకుని ఒక కిటికీ చూశాడు, ఇంకో కిటికీ చూశాడు. కిందికి వెళ్లి పాత పెట్టెల్లో మిగిలిన అద్దాలు చూసి వచ్చాడు. తయారైన చోటే కొన్నింటికి స్టిక్కరు అవతలి వైపు అంటించారు.

"తప్పయింది మేడం. స్టిక్కరు సూసినం, అద్దం సూడలే." తర్వాత బ్యూలా వైపు తిరిగాడు. "అక్కా, ఇన్ని దినాలు గీ వేడిల ఎట్ల కూసున్నవ్? ఒక్క మాట అంటె అయిపోవు గద!"

"నాదే బీమారి అనుకున్న అన్నా."

అంజయ్య నెత్తిమీది టోపీ తీసి చేత్తో నలుపుతూ నిలబడ్డాడు. "ఆదివారం లోపల తిప్పి పెడ్త. నేనే దగ్గరుండి పెడ్త. మీ కిటికీ మొదలు" అన్నాడు.

అన్నట్టే చేశాడు.

సోమవారం మధ్యాహ్నం బ్యూలా ఫైలు ముందు పెట్టుకుని ఎండ కోసం ఎదురుచూసింది. పొద్దు గుట్టల వైపు వాలింది. వెలుగు బల్ల మీదికి వచ్చింది, చేతుల మీదికి వచ్చింది. వేడి మాత్రం రాలేదు. కాలు జివ్వుమంటుందేమోనని కాసేపు పని ఆపి కూర్చుంది. అనలేదు. అంకెలు ఉన్నచోటే ఉన్నాయి. ఆరు ఆరులాగే ఉంది. ఏసీలలో ఒకటి ఆపేశారు. ఆ నిశ్శబ్దంలో నాగేశ్వరి గాజుల చప్పుడు కూడా వినబడుతోంది. బ్యూలా ఒక ఫైలు ముగించి సంతకం పెట్టింది. ఇంకొకటి తీసుకుంది. సాయంత్రం జెఫ్రీ ఫోను చేసి, "కిందున్న, వస్తలేవా?" అంటే గానీ వేళ తెలియలేదు.

ఇంటికి పోయేముందు తేజస్విని గదికి వెళ్లింది. ఏం చెప్పాలో సిద్ధం చేసుకున్నది కానీ, గుమ్మంలోకి రాగానే అన్నీ మరిచిపోయింది.

"మేడం, మీ మేలు మర్చిపోను. నేను మానేద్దామనుకున్న ఉద్యోగం ఇది."

తేజస్విని లేచి ఎదురు వచ్చింది. "మేలు నాకు మీరు చేశారక్కా. ఆ రోజు మీరు నిజం చెప్పకపోతే నేను నా లెక్కలే తప్పనుకుని వదిలేసేదాన్ని. ఇప్పుడు కరెంటు చెప్పినంతా తగ్గేట్టుంది. మిగతా అంతస్తులకీ పెడతామన్నారు."

వానలు పడ్డాక జెఫ్రీ ఇంట్లో కృతజ్ఞత ప్రార్థన కూడిక పెట్టాడు. రుద్రారంలో వాళ్లది చిన్న ఇల్లు. ముందు రేకుల పందిరి వేసి చాపలు పరిచారు. చర్చి సంఘం వాళ్లతో పాటు ఆఫీసు వాళ్లనూ పిలిచాడు. మధుబాబు భార్యతో వచ్చాడు. తేజస్విని వాళ్ల అమ్మ చేసిన పూతరేకులు పట్టుకొచ్చింది. అంజయ్య రాడేమో అనుకున్నారు. వచ్చాడు, ఉతికిన చొక్కా వేసుకుని, వెనక వరసలో గోడకు ఆనుకుని కూర్చున్నాడు.

పాట అయ్యాక పాస్టరు కృపానందం గారు, "సిస్టర్ బ్యూలా సాక్ష్యం చెప్తరు" అన్నారు.

బ్యూలా నిలబడింది. దేవుడు చేసిన మేలు చెప్పుకునే ఆ సాక్ష్యాలలో అందరూ చెప్పే మాటలు ఆమెకు తెలుసు. అవి చెప్పడానికే లేచింది.

"దేవునికి స్తోత్రం. నాకు బీమారి వచ్చినప్పటి సంది నేను చానా ప్రార్థన చేసిన. జబ్బు పోవాలని చేసిన. అది పోలే, ఇంక ఉన్నది." ఆఫీసు వాళ్ల వైపు తిరిగింది. "జబ్బు కన్నా ఎక్కువ బాధ ఏందంటే, నా ఒంటి మాట నేనే నమ్మలే. నాకే నమ్మకం లేని మాట ఇంకొకరు ఎట్ల నమ్ముతరు అనుకున్న. తేజస్విని మేడం నమ్మింది. నమ్మి చెయ్యి పెట్టి సూసింది. మధుబాబు సారు మానేస్తనంటె మానెయ్యద్దన్నడు. నా మధ్యాహ్నాలన్ని నాగేశ్వరి మోసింది, ఒక్క దినం గూడ మొఖం మాడ్సుకోలే. అంజయ్యన్న మల్ల వచ్చి అద్దాలు తిప్పి పెట్టిండు. దేవుడు నాకు గిట్ల జవాబిచ్చిండు. గంతే. నాకు మాట్లాడ రాదు."

"ఉల్ట పెట్టింది గూడ నేనే కద అక్కా!" అన్నాడు అంజయ్య వెనకనుంచి. అందరూ నవ్వారు. కృపానందం గారు కూడా నవ్వు ఆపుకోలేక, "ఆమెన్" అన్నారు.

జెఫ్రీ స్వయంగా వండిన బగారన్నం, కోడికూర వడ్డించారు. మాంసం తినని మధుబాబు వాళ్లకు విడిగా పప్పుచారు, వంకాయ కూర. వాన మొదలై పందిరి రేకుల మీద దడదడలాడింది. ఒకరి మాట ఒకరికి వినబడకపోయినా ఎవరూ లేచి వెళ్లలేదు.

తర్వాతి నెలలో రెండో అంతస్తుకు అద్దాలు పెట్టారు. ఈసారి అంజయ్య ప్రతి అద్దాన్నీ బిగించకముందే లైటు పట్టి చూశాడు. అక్కడి వాళ్లు తిరిగి తమ సీట్లలోకి వచ్చిన రోజు, భోజనాలయ్యాక బ్యూలా మెట్లు దిగి ఆ హాల్లోకి వెళ్లింది. కిటికీ పక్కన హరిచందన అనే కొత్తమ్మాయి ఉంది. ఉద్యోగంలో చేరి ఎక్కువ రోజులు కాలేదు. నెలలు నిండుతున్న మనిషి.

"ఎట్లుందమ్మా నీ కాడ?" అని అడిగింది బ్యూలా.

ఆ అమ్మాయి గబుక్కున లేవబోయింది. "బాగుంది మేడం. ఏం ప్రాబ్లం లేదు."

బ్యూలా తల ఊపింది కానీ వెళ్లిపోలేదు. ఖాళీగా ఉన్న కుర్చీ ఒకటి దగ్గరకు లాక్కుని, ఆమె పక్కన కూర్చుంది.

"కూసో, కూసో. నాకేం తొందర లేదు. పొద్దు ఇటు తిరిగేదాక నేను గూడ ఈడ్నే ఉంట" అంది.